లోకవృత్తము: సూడాను వనితలు

పరదేశమున ప్రజలు తిరుగబడి పాలకుని దింపిరను వార్త వినినప్పుడు మన మనస్సు లుప్పొంగును. వెంటనే, తరువాత నేమగునో యను సంశయము గూడ పుట్టును. ఈ రెండును న్యాయమైనవే యని సూడాను చరిత్రము మనకు దెలుపుచున్నది.

2018 డిసెంబరులో ఆ దేశమునందలి అత్బరా పట్టణమున రొట్టె వెల యొక పౌనునుండి మూడు పౌనులకు బెరిగెను. వంటింట బుట్టిన బాధ వీథి కెక్కెను. 1989 మొదలు ఏలుచున్న ఒమర్ అల్ బషీరు దిగిపోవలెనని జనులు ఘోషించిరి. ఆ జనసమూహములలో స్త్రీలు పెద్దసంఖ్యలో నుండిరి. వారి కోపమునకు వేరొక కారణము గూడ గలదు. స్త్రీల దుస్తులను, నడవడిని నిర్బంధించు శాసనములు అచ్చట నమలులో నుండెను. పంట్లాము తొడిగినందుకు కొరడా దెబ్బలు తినిన స్త్రీలు గలరు.

2019 ఏప్రిలులో ఖార్టూము నగరమున సైనిక ప్రధాన కార్యాలయము చెంత, అలా సలా యను విద్యార్థిని కారుపై నిలిచి పాడుచుండగా దీసిన ఛాయాచిత్రము లోకమంతట వ్యాపించెను. ఆమె ధరించిన తెల్లని తోబు మన చీరవలె మేనికి జుట్టుకొను వస్త్రము. ప్రాచీన నూబియా రాణుల బిరుదమైన ‘కందాకా’ యను పేర ప్రజలామెను గొనియాడిరి. ఆ చిత్రమును జూచి సంతసించినవారిలో నేనును నొకతెను.

ఏప్రిలు 11వ తేదీన సైన్యమే బషీరును దొలగించెను. జూను 3వ తేదీన అదేచోట గూర్చుండిన ప్రజలపై సాయుధులు విరుచుకొనిపడి పెక్కండ్రను జంపిరి. అయినను జనులు వెనుదీయలేదు. ఆగస్టులో నేర్పడిన పదునొకండ్రు సభ్యుల పాలకమండలిలో నిద్దరు స్త్రీలు చేరిరి. నవంబరులో ప్రజాశాంతి శాసనము రద్దయ్యెను. కాని 2021 అక్టోబరు 25న సేనాపతులు అధికారమును మరల లాగుకొనిరి. 2023 ఏప్రిలు 15న సైన్యమును, ‘రాపిడ్ సపోర్టు’ దళమును తమలో తాము పోరసాగెను. కోటిమందికి పైగా ఇండ్లువాకిండ్లు విడిచిరి.

అట్లయిన మన సంతోషము పొరపాటా? కాదు. పాలకుడు తొలగినంతనే పని ముగిసెనని తలచుటయే పొరపాటు. బషీరు పోయెను గాని ఆయుధము పట్టిన చేతులు మారలేదు.

ఉద్యమకాలమున పేటపేటను బ్రజలు స్థాపించుకొనిన సంఘములు మాత్రము వ్యర్థము కాలేదు. యుద్ధము వచ్చినప్పుడు వానిలో పనిచేసిన యువతీయువకులే పలుచోట్ల సహాయకేంద్రములు నెలకొల్పి, సామూహిక వంటశాలలు నడపి, ఆకలిగొన్నవారికి అన్నము పెట్టిరి. రొట్టె కొఱకు వీథి కెక్కిన జనమే పొరుగువారి పొయ్యి చల్లారకుండ గాచెను.

కావున సోదరులారా, సోదరీమణులారా, ఇకమీద నెచ్చటనైన పాలకుడు పారిపోయెనను వార్త వచ్చినచో సంతసింతము. కాని ఆయుధములెవరి చేతనున్నవో విచారింతము. మరుసటి నెల వార్తను గూడ చదువుదము. తెల్లని తోబు చిత్రమును బదుగురకు జూపి మురిసిన మనము, ఆ దేశపు ఆకలి వార్త వచ్చినప్పుడు పుట త్రిప్పివేయరాదు.