తెల్లదోమ సరే, ఏ తెల్లదోమ?

"అన్నా, తెల్లదోమకి ఏ కషాయం కొట్టాలి?" అని రోజూ ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఈ మధ్య నేను ఎదురు ప్రశ్న వేస్తున్నా: ఏ తెల్లదోమకి?

పత్తి, టమాటా, వంగ మీద మనం చూసేదానికి పుస్తకాల్లో ఉన్న పేరు బెమీసియా టబాసి. పేరు ఒకటే గానీ, డీఎన్ఏ పరీక్ష చేస్తే ఆ పేరు కింద 30కి పైగా జాతులు బయటపడ్డాయి. భూతద్దం పెట్టినా తేడా దొరకదు. వాటిలో మన నేలలో ఎప్పటినుంచో ఉన్నవి కొన్ని. పశ్చిమాసియా వైపు పుట్టి, అలంకరణ మొక్కల వ్యాపారంతో దేశదేశాలు తిరిగినది ఇంకొకటి. దాన్నే బి రకం అంటారు. మన దేశంలో 1999లో కోలార్ టమాటా తోటల్లో పట్టుకున్నారు, ఆకుముడత వైరస్ విరుచుకుపడ్డ సమయంలోనే. కోలార్ దాటితే మన మదనపల్లె టమాటానే కదా!

కొత్తది వస్తే పాతది ఎందుకు తగ్గిపోతుంది? తెల్లదోమలో మగతో కలవని ఆడది పెట్టే గుడ్లన్నీ మగవే అవుతాయి. చైనా, ఆస్ట్రేలియాల్లో చేసి 2007లో అచ్చేసిన పరిశోధనలో తేలిందేమంటే, బి రకం మగవి స్థానిక ఆడవాటి వెంటపడి, వాటి మగవాటిని దగ్గరకి రానివ్వవు. జత మాత్రం కుదరదు. దాంతో స్థానిక జాతిలో ఆడపిల్లలు తగ్గిపోతాయి. బి రకంలో ఆడవి పెరుగుతాయి. యుద్ధం లేకుండానే చేను చేతులు మారిపోతుంది. మనకి మాత్రం అదే తెల్లదోమ!

"నేల బాగుంటే చాలు, పురుగు పేరుతో పనేంటి?" అనే మిత్రులు ఉన్నారు. సగం ఒప్పుకుంటా. కానీ మన నమ్మకమంతా మిత్రపురుగుల మీదే కదా. పురుగులో గుడ్డు పెట్టే కందిరీగ మన నేలని చూడదు, తన పురుగేనా కాదా అని చూస్తుంది.

కర్రపెండలం పిండినల్లి కథ వినండి. 1970ల్లో ఆఫ్రికాలో పడి జనం తిండిని ఊడ్చేసింది. దక్షిణ అమెరికా ఉత్తర భాగంలో అచ్చం అలాంటి నల్లే కనిపిస్తే, దాని శత్రువుల్ని తెచ్చి పెంచారు. పని చేయలేదు. ఎందుకంటే అది వేరే జాతి. దాంట్లో మగవి ఉన్నాయి, ఆఫ్రికా దాంట్లో అన్నీ ఆడవే. అసలుది 1981లో పరాగ్వేలో దొరికింది. అక్కడి చిన్న కందిరీగని ఆఫ్రికాలో వదిలాకే ఆ నల్లి అదుపులోకి వచ్చింది. అదే నల్లి 2020లో కేరళలో దిగింది. బెంగళూరులోని ఎన్‌బీఏఐఆర్ వాళ్లు బెనిన్ నుంచి అదే కందిరీగని తెప్పించారు. పెద్దాపురం వైపు కర్రపెండలం వేసే అన్నలకి ఇది దూరపు కథ కాదు.

అందుకే నా వాదన: కషాయాల శిక్షణకి పెట్టే ఖర్చులో కొంత జిల్లాకో డీఎన్ఏ గుర్తింపు కేంద్రానికి పెట్టాలి. రైతు సంఘాలు దీన్ని గట్టిగా అడగాలి. అడగకుండా ఎవరూ ఇవ్వరు, మనకి తెలిసిందేగా.

అప్పటిదాకా చేను చెప్పే గుర్తు ఒకటుంది. గట్టు మీద నాలుగు గుమ్మడి పాదులు పెట్టండి. బి రకం పిల్లపురుగులు రసం పీలిస్తే, ఆ తర్వాత వచ్చే లేత ఆకులు ఈనెల వెంట మొదలై వెండి పూతేసినట్టు తెల్లబడతాయి. కొన్ని గుమ్మడి రకాలకి పుట్టుకతోనే ఈనెల దగ్గర తెల్లమచ్చలుంటాయి, దాన్ని చూసి కంగారుపడొద్దు. ఆకు కింద పిల్లపురుగులు ఉన్నాయో లేదో తిప్పి చూడండి. అనుమానం వస్తే పురుగుల్ని ఫార్మాలిన్‌లో కాదు, నీళ్లు కలపని ఆల్కహాల్‌లో వేయండి. ఫార్మాలిన్‌లో డీఎన్ఏ పాడవుతుంది. సీసాలోపల చీటీ మీద పంట, ఊరు, తేదీ పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.