పేరు లేని శవం లేదు

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

"గుర్తు తెలియని మృతదేహం లభ్యం" అని పేపరు లోపలి పేజీలో రెండంగుళాల వార్త పడుతుంది. చూసి పేజీ తిప్పేస్తాం. సముద్రంలో దొరికిన శవమైతే ఒక్కోసారి ఆ రెండంగుళాలు కూడా దక్కవు. "పోయినవాడు ఎలాగూ పోయాడు, వాడెవడో తెలుసుకుని ఇప్పుడేం లాభం?" అనేవాళ్ళే ఎక్కువ. మాది వ్యవసాయ కుటుంబం. మా ఊళ్ళో గేదె చచ్చినా గొంతువాపా, దొమ్మా అని పశువుల డాక్టరును అడిగి తెలుసుకుంటారు. మరి మనిషి గేదెపాటి చెయ్యడా?

లాభం ఉందనడానికి ఒక నిజంగా జరిగిన కథ చెబుతాను. 1942 ఫిబ్రవరి 6న హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవి దగ్గరికి ఒక తెప్ప కొట్టుకొచ్చింది. అందులో ఒక నావికుని శవం. అతడు వేసుకున్న బాయిలర్ సూటు ఎండకు వెలిసి తెల్లబడిపోయింది. సైనిక మర్యాదలతో పూడ్చిపెట్టారు. మరికొద్ది వారాల్లోనే దీవి జపాను వశమైంది. కాలక్రమాన ఆ సమాధి ఎక్కడుందో కూడా తెలియకుండా పోయింది.

1941 నవంబరు 19న ఆస్ట్రేలియా యుద్ధనౌక 'సిడ్నీ' జర్మనీ నౌక 'కొర్మోరాన్'తో పోరాడి మునిగింది. అందులోని 645 మందిలో ఒక్కడూ బతకలేదు. తెప్పలోని మనిషి ఆ నౌకవాడే అయ్యుండాలని అనుమానం. నీళ్ళలో ఈదుతున్న నావికులను శత్రువులు కాల్చి చంపారన్న పుకారు దశాబ్దాలపాటు నడిచింది. 2001లో సమాధి కోసం వెతికితే దొరకలేదు. 2006లో మళ్ళీ వెతికి పట్టుకున్నారు. పుర్రెలో ఇరుక్కున్న లోహపు ముక్కను పరీక్షిస్తే అది తుపాకీ గుండు కాదు, ఫిరంగి గుండు తునక అని తేలింది. ఆ అవశేషాల డి.ఎన్.ఏ.ను బంధువుల డి.ఎన్.ఏ.తో సరిచూసి, 2021 నవంబరు 19న, నౌక మునిగి సరిగ్గా 80 ఏళ్ళు నిండిన రోజున, పేరు ప్రకటించారు: థామస్ వెల్స్‌బీ క్లార్క్. పశువులు పెంచుకునే కుటుంబంలో పుట్టినవాడు. పోయేనాటికి వయస్సు 21, అంటే నాకంటే ఒక్క ఏడాది పెద్ద.

నవంబరు 19 అన్న తేదీ మాకు మరోవిధంగా తెలుసు. 1977లో అదే రోజున దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. పదివేలమందికి తక్కువ కాకుండా పోయారు. ఎన్నో శవాలను ఎవరివో తెలియకుండానే సామూహికంగా కాల్చారు, పూడ్చారు. అప్పటివాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. రోగాలు ప్రబలుతాయన్న భయం ఒకవైపు, మనుషులు చాలక మరోవైపు. పైగా ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ డి.ఎన్.ఏ. ముద్రలను కనిపెట్టింది 1984లో గాని కాదు. మా తాతయ్య తమ్ముడు ఆ నీళ్ళలోనే పోయాడు. శవం దొరకలేదు. ఉప్పెన పోయి ఎన్నేళ్ళయినా, వాకిట్లో అడుగుల చప్పుడైతే చాలు, మా తాతమ్మ తలెత్తి చూసేదట. చావు కన్నా ఈ తెలియకపోవడమే ఆవిణ్ణి ఎక్కువ కుంగదీసిందని మా ఇంట్లో అంటారు.

ఆనాడు లేని సాధనాలు ఈనాడు ఉన్నాయి. బోటనీ ప్రాక్టికల్స్‌లో మనం స్లైడు మీద చూసే డయాటమ్‌లే ఒక సాక్ష్యం. మనిషి ప్రాణంతో నీళ్ళలో పడితే, ఊపిరితిత్తుల్లోంచి రక్తంలో కలిసి అవి ఎముకల మూలుగదాకా చేరగలవు. చంపి పడేసిన శవంలో గుండె కొట్టుకోదు కాబట్టి అలా చేరవు. ఈ ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పెయ్యకూడదు గాని, వెతకవలసిన దారి తెలుస్తుంది. ముఖం చేపల పాలైనా పళ్ళు, ఎముకలు మిగులుతాయి. మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. తల్లినుంచే వస్తుంది గనక, తల్లి లేకపోతే మేనమామో, పిన్ని కొడుకో ఇచ్చిన రక్తపుచుక్కతోనైనా పోల్చవచ్చు. ఈ విద్యలో పేరున్న డి.ఎన్.ఏ. ముద్రల కేంద్రం, సి.డి.ఎఫ్.డి., మన హైదరాబాదులోనే ఉంది.

మరి లోపం ఎక్కడుంది? పోల్చడానికి రెండో నమూనా లేకపోవడంలో ఉంది. ఒక జిల్లాలో శవం తేలుతుంది. దాని మనిషి కోసం మరో రాష్ట్రంలో ఒక తల్లి ఏడుస్తూంటుంది. ఈ రెంటినీ కలిపే పట్టిక కావాలి. 2019లో పార్లమెంటులో పెట్టిన డి.ఎన్.ఏ. బిల్లులో తప్పిపోయినవారికి ఒకటి, గుర్తు తెలియని మృతులకు ఒకటి పట్టికలు ఉన్నాయి. కాని వాటి పక్కనే నేరస్థులకూ, అనుమానితులకూ పట్టికలు పెట్టారు. పౌరుల గోప్యత ఏమవుతుందన్న ఆందోళన వచ్చింది. 2023లో బిల్లును వెనక్కి తీసుకున్నారు. ఆ ఆందోళన సబబైనదే. అయితే దానికి విరుగుడు మొత్తం వదిలెయ్యడం కాదు. ఆ మొదటి రెండు పట్టికలనూ విడదీసి, వేరే చట్టంగా తేవాలి. కుటుంబం ఇష్టపడి ఇచ్చిన నమూనాను మరే కేసుకూ వాడరాదని అందులోనే రాయాలి. మనిషి దొరికిన రోజున ఆ నమూనాను చెరిపెయ్యాలి.

ఖర్చు అంటారా? వేటకెళ్ళి గల్లంతైన మత్స్యకారుని భార్య సంగతి ఆలోచించండి. మరణించాడని రుజువు లేకపోతే, ఏడేళ్ళు జాడ తెలియకుండా ఉంటేనే చట్టం అతడు చనిపోయినట్టు భావిస్తుంది. 2004 సునామీ లాంటి పెద్ద విపత్తు వస్తే ప్రభుత్వం ఈ నిబంధన సడలిస్తుంది. ఒంటరిగా మునిగిన ఒక్క పడవ కోసం ఎవరు సడలిస్తారు? అన్నాళ్ళూ ఆవిడ పింఛనుకు విధవ కాదు, ఇంట్లో సుమంగళీ కాదు. ఆమె భర్త శవం ఏదో ఒక మార్చురీలో అంకె వేయించుకుని, గడువు తీరాక దహనమై ఉండవచ్చు. ఒక్క పరీక్షకయ్యే డబ్బు ఆ ఏడేళ్ళకన్నా ఖరీదైనదా?

గుర్తు తెలియని శవానికి పోలీసులు పంచనామా చెయ్యాలనీ, పోస్టుమార్టం జరిపించాలనీ చట్టం ఎలాగూ చెబుతోంది. దహనానికి ముందు ఒక పన్ను తీసి భద్రపరచడం దానికి మరొక్క మెట్టు మాత్రమే. సైన్సు చదివే మనం కనీసం ఇదైనా అడగాలి. ఎవరూ గుర్తుపట్టలేదు గనక ఎవరికీ చెందడని అనుకోవద్దు. ప్రతి శవానికీ ఒక తల్లి పెట్టిన పేరు ఉండే ఉంటుంది. దాన్ని తెలుసుకోవడం బతికున్నవాళ్ళ బాధ్యత.