శేషం ఎవరి ఖాతాలో?

ఏడుని రెండుతో భాగిస్తే ఎంత? మూడున్నర అంటారు మీరు. మీ ల్యాప్‌టాప్‌లోని క్యాలిక్యులేటర్‌ని ప్రోగ్రామర్ పద్ధతిలో పెట్టి అదే అడగండి. మూడు అని ఊరుకుంటుంది. ఆ అర ఏమైందో చెప్పదు. ఇంతోటి దానికి సావనీరులో ఒక పేజీ ఎందుకయ్యా అంటారేమో! ఇలాంటి మిగులే ఒకసారి మా ఇంట్లో నా పరువు తీసింది గనుక.

సంక్రాంతి సెలవులకి జంగారెడ్డిగూడెం వెళ్ళినప్పుడు తెలుగు సంవత్సరాల పేర్లు చెప్పే ప్రోగ్రాము ఒకటి సీ భాషలో రాశాను. 1987 ఉగాదితో ప్రభవ మొదలైంది. అడిగిన ఏడాదిలోంచి 1987 తీసేసి, 60తో భాగించి, శేషాన్ని బట్టి పట్టికలోని పేరు చూపించాలి. అంతే. 2024కి శేషం 37. ప్రభవని సున్నాగా పెట్టుకుని లెక్కిస్తే 37 దగ్గర క్రోధి. సరిపోయింది. అమ్మ తను పుట్టిన 1980 వేసవి సంగతి అడిగింది. తెర నిండా పిచ్చిరాతలు! తాతయ్య వేళ్ళు మడుస్తూ వెనక్కి లెక్కపెట్టాడు: "అక్షయ, క్రోధన, రక్తాక్షి, రుధిరోద్గారి, దుందుభి, దుర్మతి, రౌద్రి. ఏడేళ్ళు వెనక్కెళ్ళడానికి ఇంత మిషను కావాలట్రా?"

1980లోంచి 1987 పోతే మైనస్ 7. 1999 నాటి సీ ప్రమాణం ప్రకారం భాగఫలాన్ని సున్నా వైపు కోసేస్తారు. అందుకని శేషం మైనస్ 7గానే మిగిలింది. పట్టికలో అలాంటి గడి లేదు. అదే లెక్క పైథాన్‌లో చేస్తే భాగఫలం కిందికి, అంటే మైనస్ 1కి దిగుతుంది, శేషం 53 వస్తుంది. 53 దగ్గర ఉన్నది రౌద్రే! రెండూ తమ తమ నియమం తప్పలేదు. నియమమేమిటో కనుక్కోనిది నేను.

సగాల సంగతి మరీ చిత్రం. 74.5ని దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే బళ్ళో చెప్పినట్టు 75. పైథాన్‌లోని రౌండ్ ఫంక్షన్ 74 అంటుంది. 75.5ని మాత్రం 76 చేస్తుంది. సరిగ్గా సగం వస్తే సరిసంఖ్య వైపు మొగ్గడం దాని పద్ధతి. సగాలన్నిటినీ పైకే నెడితే పెద్ద పట్టీలో మొత్తం ఉబ్బిపోతుందని ఈ ఏర్పాటు. 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం కూడా దీన్నే మామూలు పద్ధతిగా పెట్టింది. న్యాయమే. కానీ 75 శాతం హాజరు కావలసిన చోట 74.5తో నిలబడ్డ విద్యార్థి పరీక్ష రాయడమా, ఇంటికి పోవడమా అన్నది ఈ మొగ్గులోనే తేలిపోతుంది.

చిన్న తేడాలే కదా అనుకోవద్దు. కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజి 1982లో 1000 దగ్గర ఒక సూచీ మొదలుపెట్టింది. లెక్కకట్టిన ప్రతిసారీ మూడు దశాంశ స్థానాల తర్వాతది కోసేసేవారు. 1983 నవంబరు నాటికి సూచీ 524కి జారింది. సరిచేసి చూస్తే 1098! బజారు పడిపోలేదు, కోతలన్నీ కలిసి పడగొట్టాయి.

మా ఊళ్ళో బస్తాలు మోసే ముఠాని తీసుకోండి. ఏడుగురు వెయ్యి రూపాయలు పంచుకుంటే తలకి 142, మిగులు ఆరు. దగ్గరి అంకె అని 143 ఇస్తే ఒక రూపాయి చాలదు. తలా 142 తీసుకుని, మిగిలిన ఆరూ అందరి ముందూ చెప్పి, మర్నాటి కూలిలో కలుపుకుంటే ఏ పేచీ ఉండదు. 1982లో వచ్చిన హ్యూలెట్ ప్యాకర్డ్ 16సి క్యాలిక్యులేటర్‌కీ ఈ మర్యాద ఉండేది. పూర్ణాంకాల భాగహారంలో శేషాన్ని కోసేసేది గానీ, శేషం ఉందని తెరమీద గుర్తు చూపించేది. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ కూడా పన్నులో 50 పైసలూ ఆపైన ఉంటే రూపాయి చేయమనీ, తక్కువైతే వదిలేయమనీ విప్పి చెప్పింది. కోత తప్పదు. చెప్పి కోయాలనే నా వాదన.

అధ్యాపకులకి నాదొక మనవి. లాబ్ రికార్డులో మొదటి అభ్యాసంగా 7ని, మైనస్ 7ని రెండుతో భాగించడం, 74.5నీ 75.5నీ సవరించడం పెట్టండి. జవాబు ముందు కాగితం మీద రాయించి, ఆ తర్వాతే మిషను ముట్టుకోనివ్వండి. మిత్రులారా! మార్కులు గానీ, హాజరు గానీ, కూలి గానీ లెక్కగట్టే ప్రోగ్రాము రాస్తే, శేషాన్ని ఏం చేస్తున్నారో మొదటి వరుసలోనే రాయండి. అటువైపు ఉన్నది మనిషి.

నా ప్రోగ్రాములో ఇప్పుడు ఒక వరుస ఎక్కువైంది: శేషం మైనస్ వస్తే 60 కలుపు. తాతయ్యకి చూపించాను. "ఇప్పుడు దార్లో పడింది" అన్నాడు, మిషన్నో నన్నో మరి!