పండితరచనాభ్యాసము

మన కళాశాలలలో విద్యార్థులు పరీక్షలకై సిద్ధోత్తరములను వల్లించుచు మూడు నాలుగేండ్లు గడపుచున్నారు. పిదప పరిశోధనాశాఖలలో ప్రవేశించినంతనే వారిని పండితులవలె వ్రాయుఁడని శాసించుచున్నారు. పండితులెట్లు వ్రాయుదురో వారికి బోధించినవారెవరు? ఈ ప్రశ్నకు మన విశ్వవిద్యాలయములు సమాధానము చెప్పవలసియున్నది.

పండితరచనకు కఠినపదములు లక్షణము కావు. రామప్ప చెరువునుగూర్చి వ్రాయఁబూనిన విద్యార్థి, చెరువులు వ్యవసాయమునకు మిక్కిలి యుపకారకములని చెప్పినచో నది సత్యమే. కాని దానివలన నెవ్వరికిని క్రొత్తగా తెలియునది లేదు. ఆ చెరువునుగూర్చి పూర్వులేమనిరి, దేనిని ప్రమాణముగాఁ గొనిరి, శాసనమేమి చెప్పుచున్నది, ఆయకట్టు లెక్కలేమి చూపుచున్నవి, ఎచ్చట సందేహము మిగులుచున్నది - ఈ క్రమమున నడచునదే పరిశోధకుని రచన. పూర్వపక్షమును న్యాయముగా నిరూపించి పిదప సిద్ధాంతమును స్థాపించుట మన శాస్త్రకారు లెఱిఁగిన మర్యాదయే.

అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయాచార్యుఁడు డేవిడ్ బార్తొలొమే 1985లో ప్రకటించిన వ్యాసమున నీ విషయమును చర్చించెను. పండితగోష్ఠిలోఁ జేరకమునుపే చేరినవానివలె విద్యార్థి మాటలాడవలసివచ్చుచున్నదనియు, కావున తొలుత ననుకరణమును దానివెంటఁ దప్పులును తప్పవనియు నాయన చూపెను. ఆ తప్పులను సోమరితనమునకు గుఱుతులుగా నెంచక, ప్రయత్నమునకు గుఱుతులుగా నెంచుట గురువుల ధర్మము.

మన యాంధ్రులకు నిది యనుభవమునకు వచ్చిన విషయమే. గిడుగు రామమూర్తిపంతులుగారు (1863-1940) గ్రాంథికభాషను విద్యార్థులకు విధించిన పండితుల రచనలలోనే ఆ భాషానియమములకు విరుద్ధములైన ప్రయోగములను ఎత్తిచూపిరి. గురువులకే పట్టువడని కట్టుబాట్లను బాలురపై మోపుట యెంతవఱకు న్యాయమని వారడిగిన ప్రశ్న నేఁటికిని సజీవముగనే యున్నది. నాఁడు గ్రాంథికము, నేఁడు ఆంగ్లమునందలి పరిశోధనపరిభాష. భారము మోయువాఁడు మాత్రము నాఁడును నేఁడును విద్యార్థియే.

మార్గము చూపకున్న ఫలమేమి? అన్యుల వాక్యములను దెచ్చి యతుకుట. విశ్వవిద్యాలయ ధనసహాయసంఘమువారి 2018 నిబంధనల ప్రకారము పరిశోధనవ్యాసమున నన్యరచనాసామ్యము 10 శాతము మించిన మరల సవరించి సమర్పింపవలెను. 40 శాతము మించిన నొక యేఁడు సమర్పణాధికారము పోవును. 60 శాతము మించిన పేరే కొట్టివేయఁబడును. చౌర్యమునకు శిక్ష యుండవలసినదే. కాని శిక్షకు ముందు శిక్షణ ముండవలదా? ఇంట చదువుకున్నవారున్న బాలుఁడు గోష్ఠిమర్యాదలను వినికిడిచేతనే గ్రహించును. తన కుటుంబమున మొట్టమొదట కళాశాల మెట్లెక్కిన రైతుబిడ్డకు ఆ భాగ్యము లేదు. వానికి బోధింపక దండించుట యన్యాయమని మా దృఢాభిప్రాయము.

చేయవలసినది దుస్సాధ్యము కాదు. పట్టపరీక్షాతరగతుల మొదటియేఁటనుండియే తెలుఁగునను ఆంగ్లమునను చిన్నవ్యాసములు వ్రాయింపవలెను. వానిని దిద్ది, కారణములు తెలిపి, తిరిగి వ్రాయింపవలెను. ఆచార్యులు తమ చిత్తుప్రతులను, కొట్టివేఁతలతోసహా, విద్యార్థులకుఁ జూపవలెను. శోధగంగయందు దేశమునందలి సిద్ధాంతవ్యాసములు వేలకొలఁది యెల్లరకు నందుబాటులోనున్నవి. వానిలో మేలైనవానిని తరగతిలోఁ జదివి, వ్యాసకర్త తన వాదము నెట్లు నడపెనో విడమరచి చెప్పవలెను. ఒక్కొక్క యాచార్యునకు విద్యార్థుల సంఖ్య తగ్గకున్న నీ పని సాగదు గనుక, ఖాళీలను పూరించుట ప్రభుత్వముల బాధ్యత.

విద్యాలయద్వారమును తెఱచితిమని చెప్పుకొనుట చాలదు. లోపలికి వచ్చినవానికి గోష్ఠిలో నోరువిప్పి మాటలాడుటకు వలసిన సాధనమును గూడ నీయవలెను. విశ్వవిద్యాలయాధికారు లీ విషయమున సత్వరము శ్రద్ధ వహింతురుగాక!