ఏ కుంచంతో కొలుస్తున్నారు?
రుణ లక్ష్యాలు ఎవరి కోసమో తేల్చుకోవాలి

ప్రతి ఏటా వార్షిక రుణ ప్రణాళిక విడుదలవుతుంది. వ్యవసాయానికి ఇన్ని వేల కోట్లు అని ప్రకటిస్తారు. బ్యాంకర్ల సమావేశంలో లక్ష్యసాధన శాతాలు చదువుతారు, పత్రికల్లో ఫొటోలు వస్తాయి. మరి ఇన్ని వేల కోట్లు ఊళ్లోకి వస్తే, కౌలు రైతు ఇంకా ఎరువుల దుకాణం ముందు, కమీషన్ వ్యాపారి గుమ్మం ముందు ఎందుకు నిలబడుతున్నాడు? నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి ఎందుకు నోటు రాస్తున్నాడు? అప్పులిచ్చే ఉద్యోగి పనిని కొలిచే కుంచంలోనే మోసం ఉందని మనం గట్టిగా చెప్పాలి.

బ్రాంచి మేనేజరునూ ఫీల్డ్ ఆఫీసరునూ పైవాళ్లు అడిగేది నాలుగు ప్రశ్నలు. ఎంత ఇచ్చావు? ఎంత వసూలు చేశావు? ఎంత డిపాజిట్ తెచ్చావు? ఎన్ని పాలసీలు అమ్మావు? అప్పు ఎవరికి అందింది, విత్తనం వేసే ముందు అందిందా, కోత అయ్యాక అందిందా అని అడిగేవాడు లేడు. అడగని పని ఎవరూ చెయ్యరు.

ఒక లెక్క చూద్దాం. పట్టాదారు పాసుపుస్తకం ఉన్న ఒక ఆసామి బంగారం తాకట్టు పెట్టి 5 లక్షలు వ్యవసాయ రుణం తీసుకుంటాడు. గంటలో పని అయిపోతుంది. అదే 5 లక్షలు పదిమంది కౌలు రైతులకు తలా 50 వేలు ఇవ్వాలంటే పది దరఖాస్తులు, పది పొలాలు, పదిసార్లు కాగితాల పరిశీలన. బ్యాంకు పుస్తకంలో మాత్రం రెండూ 5 లక్షలే. టార్గెట్ తరుముతుంటే ఆ ఉద్యోగి ఎటు మొగ్గుతాడో చెప్పక్కర్లేదు. బ్యాంకులు తమ రుణాల్లో 18 శాతం వ్యవసాయానికి, అందులో 10 శాతం సన్న, చిన్నకారు రైతులకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. కాగితం మీద ఆ శాతం నిండొచ్చు. భూమి ఒకడిది, సాగు ఇంకొకడిది అయినచోట అప్పు భూమి ఉన్నవాడికి, నష్టం సాగు చేసినవాడికి మిగులుతున్నాయి.

రెండోది రెన్యూవల్. పాత అప్పు, వడ్డీ కలిపి కొత్త అప్పుగా రాస్తారు. రైతు చేతికి కొత్తగా వచ్చేది ఏమీ ఉండదు, ఉన్నా వడ్డీకే చాలదు. బ్యాంకు లెక్కలో మాత్రం అది వసూలూ అవుతుంది, కొత్త రుణమూ అవుతుంది. ఒక్క సంతకంతో రెండు టార్గెట్లు! ముందు పాతది కట్టి చూపించమంటే, ఆ రెండు రోజుల కోసం రైతు ప్రైవేటు వ్యాపారికి వడ్డీ కడతాడు. 3 లక్షల లోపు పంట రుణం సకాలంలో కడితే 4 శాతం వడ్డీయే అని ప్రభుత్వం గొప్పగా చెబుతుంది. మధ్యలో వ్యాపారికి కట్టిన వడ్డీ ఏ రికార్డులోకి ఎక్కుతుంది?

మూడోది పాలసీలు. అప్పు మంజూరు కావాలంటే జీవిత బీమా పాలసీ తీసుకోవాల్సిందేనని చాలా చోట్ల రైతుల చేత సంతకాలు పెట్టిస్తున్నారు. ఆ ప్రీమియం పంట పెట్టుబడిలోంచే పోతుంది. రెండో ఏడాది కట్టలేకపోతే ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

ఈ కొలతల మీద ఆధారపడితే ఏం జరుగుతుందో మన రాష్ట్రం ఇదివరకే చూసింది. మైక్రోఫైనాన్స్ సంస్థలు ఎన్ని అప్పులిచ్చారు, నూటికి ఎంత వసూలు చేశారు అన్నదాని మీద ఫీల్డ్ సిబ్బందిని నడిపించాయి. ఒకే మహిళకు నాలుగు సంస్థలు అప్పిచ్చాయి. ఒకరి వాయిదా కట్టడానికి ఇంకొకరి దగ్గర అప్పు. కట్టలేకపోతే గ్రూపు సభ్యులనే ఆమె ఇంటి మీదికి ఉసిగొల్పారు. 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు వీళ్ల శాఖలు మూయించారు. అయినా బుద్ధి రాలేదు. ఆత్మహత్యలు జరిగాక 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది, ఇంటి మీద పడి వసూలు చేయడాన్ని నిషేధించింది. నూటికి దాదాపు నూరు వసూలని అంతకుముందు చెప్పుకున్న గొప్ప కొద్ది నెలల్లోనే కూలిపోయింది. ఆ వసూళ్ల శాతం మన ఆడవాళ్ల సత్తువకు కొలత కాదు, వాళ్ల మీద పెట్టిన ఒత్తిడికి కొలత.

ఇది మనం ఒక్కరమే అంటున్న మాట కాదు. 2011 జనవరిలో మాలెగాం కమిటీ నివేదిక వచ్చాక, మైక్రోఫైనాన్స్ సిబ్బంది జీతభత్యాలు నిర్ణయించేటప్పుడు అప్పుల సంఖ్య, వసూళ్ల శాతం కన్నా సేవకూ రుణగ్రహీత సంతృప్తికీ ఎక్కువ విలువ ఇవ్వాలని రిజర్వు బ్యాంకే నిబంధనల్లో రాసింది. మైక్రోఫైనాన్స్ బాకీల కోసం ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదని కూడా 2022లో చెప్పింది. రాసినది అమలైందా లేదా అన్నది ఏ ఊళ్లో అడిగినా తెలుస్తుంది.

"టార్గెట్ లేకపోతే ఉద్యోగి పనిచెయ్యడు, వసూళ్లు లేకపోతే బ్యాంకు మునుగుతుంది" అని కొందరంటారు. లెక్క వద్దని మనం అనడం లేదు. బ్యాంకులో ఉన్న డిపాజిట్లలో మన పిల్లల చదువుల డబ్బూ ఉంది. బాకీ ఎగ్గొట్టమని మన సంఘం ఏనాడూ చెప్పలేదు. కానీ కరువొచ్చినా, తుఫానొచ్చినా ఒకే వసూళ్ల శాతం అడిగే లెక్క గుడ్డి లెక్క. పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటే రుణాన్ని రీషెడ్యూల్ చేసే వీలు రిజర్వు బ్యాంకు 2018 మార్గదర్శకాల్లోనే ఉంది. రీషెడ్యూల్ చేస్తే ఆ బ్రాంచికి చెడ్డపేరు వస్తుందన్నప్పుడు ఏ మేనేజరు ముందుకొస్తాడు?

ఇంకో మాట. బైకు మీద ఊరూరూ తిరిగే ఫీల్డ్ ఉద్యోగి మన శత్రువు కాదు. వాళ్లలో చాలామంది రైతు ఇళ్లలో పుట్టిన పిల్లలే. వసూలు తగ్గితే ఇన్సెంటివ్ పోతుందని, ఉద్యోగమే పోతుందని భయపడుతూ తిరుగుతున్నారు. పాలసీల టార్గెట్ల మీద బ్యాంకు ఉద్యోగ సంఘాలు కూడా గొంతెత్తుతున్నాయి. వాళ్ల పోరాటమూ మన పోరాటమూ ఒక్కచోట కలవాలి.

అందుకే మనం డిమాండ్ చేస్తున్నాం:

1. రూపాయలతో పాటు మనుషులను లెక్కపెట్టాలి. ప్రతి బ్రాంచి ఎంతమంది కౌలు రైతులకు, ఎంతమంది కొత్త రైతులకు అప్పిచ్చిందో బోర్డు మీద రాయాలి.

2. రెన్యూవల్‌ను కొత్త రుణంగా చూపకూడదు. రైతు చేతికి అందిన డబ్బునే లెక్కించాలి.

3. ఖరీఫ్ అప్పు జూన్ లోపు అందిందా అన్నది ఉద్యోగి పనితీరులో మొదటి కొలత కావాలి.

4. 2025 జనవరి నుంచి 2 లక్షల వరకు హామీ లేకుండా పంట రుణం ఇవ్వాలి. కాదన్న ప్రతి దరఖాస్తుకూ కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి.

5. రుణానికి పాలసీ ముడిపెట్టడం ఆపాలి. సిబ్బందికి పాలసీల టార్గెట్ ఎత్తివేయాలి.

6. విపత్తులో రీషెడ్యూల్ చేసిన ఉద్యోగికి మార్కులు తగ్గించకూడదు. ఒక్కొక్కరి వసూళ్ల మీద ఇచ్చే ఇన్సెంటివ్ రద్దు చేయాలి.

వచ్చే సీజను లోపు ప్రతి గ్రామ కమిటీ ఒక పని చెయ్యాలి. ఊళ్లో ఎంతమంది కౌలు రైతులున్నారు, ఎందరికి బ్యాంకు అప్పు దొరికింది, ఏ నెలలో దొరికింది, పాలసీ ఎందరికి అంటగట్టారు అని ఇంటింటికీ తిరిగి రాయండి. ఆ కాగితం పట్టుకుని మండలంలోని ప్రతి బ్రాంచికీ వెళదాం, తర్వాత జిల్లా బ్యాంకర్ల సమావేశం జరిగే చోటికి వెళదాం. వాళ్ల కుంచంతో వాళ్లు కొలుచుకున్నారు, ఈసారి మన కుంచంతో కొలిచి చూపిద్దాం.