పంకా కింద రెక్క

పడవ వెనుక తగిలించే మోటారుకు అడుగున, పంకాకు దిగువగా, చేపరెక్క వంటి పలక ఒకటి ఉంటుంది. స్కెగ్ అంటారు. మెరకలో రాయి తగిలితే పంకాకు బదులు దెబ్బ తినేది అదే. మలుపులో పడవను మాట వినిపించేదీ అదే. కనుక విరిగితే “పోనిద్దూ” అనుకోరాదు.

చిన్న పెచ్చు ఊడితే ఇంట్లోనే బాగుచేసుకోవచ్చును. రంగు గీకి, స్టెయిన్‌లెస్ స్టీలు బ్రష్షుతో లోహం తళతళలాడేదాకా తోమి, లోహపు పొడి కలిసిన ఎపాక్సీ పట్టించండి. గట్టిపడ్డాక ఆకురాయితో దిద్దితే సరి.

పెద్ద ముక్కే పోతే మాత్రం మంట జోలికి పోకండి. ఇనుము ఎర్రబడి ముందుగా హెచ్చరిస్తుంది. అల్యూమినియానికి ఆ మర్యాద లేదు. 660 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర, రంగైనా మారకుండా చటుక్కున కారిపోతుంది. పైనున్న ఆక్సైడు పొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి! అందుకే ఈ అతుకు ఆర్గాన్ వెల్డింగు తెలిసిన పనివాడి చేతిలోనే పడాలి.

అక్కడికి వెళ్ళినా గేరు నూనె ముందే తీయించండి; ఇరుసు దగ్గరి రబ్బరు సీళ్ళు కాలకుండా చూడమనండి. అవి చెడితే నీరు గేర్లలోకి దిగుతుంది. నూనె పాలరంగుకు తిరగడమే దానికి గుర్తు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు, రెక్క కోసం గేర్లను పోగొట్టుకోవడం ఏం తెలివి?