ఉగ్గుగిన్నె ఎరుగని పథకాలు

రాజధాని రాజకీయాలకు ఒక వారం సెలవిచ్చి, ఈ లేఖ ఖరగ్‌పూర్ నుంచి రాస్తున్నాను. గత శతాబ్ది తొలినాళ్లలో బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపు ఇక్కడ వెలసింది. నాటి నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల శ్రామికులు తరతరాలుగా ఈ ఊరికి వచ్చి స్థిరపడ్డారు. రైల్వే క్వార్టర్ల పేట అయిన న్యూ సెటిల్‌మెంట్‌లో తెలుగు మాట వినిపించని వీధి అరుదు.

అక్కడి ఒక ఇంట రెండున్నర నెలల పసిబిడ్డను చూశాను. పెదవి, అంగిలి రెండూ చీలి పుట్టిన బిడ్డ. మన వాడుకలో గ్రహణం మొర్రి. కళ్లు మాత్రమే పెద్దవిగా కనిపించేంత బక్కచిక్కి ఉంది. నాయనమ్మ ఇలా అన్నది: "పాలు ముక్కులోంచి వచ్చేస్తున్నాయి బాబూ. ఆపరేషన్ చేస్తామన్నారు గానీ ముందు బరువు పెంచుకు రమ్మన్నారు. పాలే దిగకపోతే బరువెలా పెరుగుతుంది?"

ఢిల్లీలో ఎన్నో సమీక్షా సమావేశాలకు హాజరైన నాకు, ఇంత సూటి ప్రశ్న విన్న గుర్తు లేదు.

ప్రపంచంలో సుమారు 700 మంది శిశువులలో ఒకరు ఈ లోపంతో పుడతారని అంచనా. ఆ లెక్కన మన దేశంలో ఏటా 30 వేలకు పైగా ఉంటారు. జన్యువులు, గర్భస్థ దశలోని ఇతర పరిస్థితులు కలిసి దీనికి కారణమవుతాయని వైద్యశాస్త్రం చెబుతున్నది. గ్రహణానికి గాని, ఆ వేళ తల్లి కత్తిపీట ముట్టడానికి గాని ఇందులో ప్రమేయం లేదు. అయినా మన భాష పెట్టిన పేరులోనే తల్లి మీద నేరారోపణ ఉన్నది. సిగ్గుతో బిడ్డను దాచుకునే తల్లికి సలహా ఆలస్యంగా అందుతుంది.

పెదవి మాత్రమే చీలితే చాలామంది బిడ్డలు రొమ్ము పట్టగలరు. అంగిలి చీలితే నోటిలో పీల్చే శక్తి పుట్టదు. బిడ్డ పాలకన్న గాలినే ఎక్కువ మింగి, అలసి, కడుపు నిండకముందే నిద్రపోతుంది. శస్త్రచికిత్సకు పూర్వం నుంచి ఒక స్థూల ప్రమాణం ఉంది: 10 వారాల వయసు, 10 పౌన్ల బరువు, అంటే సుమారు నాలుగున్నర కిలోలు, 10 గ్రాముల హిమోగ్లోబిన్. మత్తుమందును తట్టుకోవడానికి ఆ జాగ్రత్త అవసరమే. అయితే ఫలితం విషవలయం. చీలిక వల్ల బరువు పెరగదు. బరువు లేదు గనుక చీలిక మూయరు. ఈ లోగా దగ్గు, విరేచనాలు బిడ్డను మరింత కుంగదీస్తాయి.

శస్త్రచికిత్సకు ఈనాడు డబ్బు ప్రధాన సమస్య కాదు. 2000 నుంచి స్మైల్ ట్రెయిన్ వంటి స్వచ్ఛంద సంస్థల సాయంతో దేశంలో లక్షలాది ఉచిత శస్త్రచికిత్సలు జరిగాయి. 2013లో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలోనూ మొర్రి ఉంది. కొరత ఉన్నదల్లా పుట్టిన నాటికి, ఆపరేషన్ బల్లకు మధ్యనున్న కాలంలో.

ఆ కాలానికి బాధ్యులెవరు? లోపాన్ని గుర్తించి పై కేంద్రానికి పంపడం ఆరోగ్య శాఖ పని. పోషకాహారం మహిళా శిశు అభివృద్ధి శాఖ పని. 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో బిడ్డకు అనుబంధాహారం ఆరు నెలలు నిండాకనే. అంతవరకు తల్లిపాలే ఆహారమని, పాలిచ్చే తల్లికి అదనపు తిండి ఇస్తారు. సూత్రం సరైనదే. కాని తల్లి రొమ్మున పాలుండి కూడా బిడ్డ గొంతు దిగని స్థితిని ఆ సూత్రం ఊహించలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం వయసుకు తగిన ఎత్తు లేని అయిదేళ్లలోపు పిల్లలు దేశంలో 35.5 శాతం, పశ్చిమ బెంగాల్‌లో 33.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. ఆ శాతాలలో మొర్రి బిడ్డలకు ప్రత్యేకించి ఒక గడి లేదు. లెక్కలో లేనివారికి కేటాయింపు ఉండదన్నది రాజధానిలో అందరికీ తెలిసిన సత్యం.

పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. తల్లిపాలు పిండి, బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో కొద్దికొద్దిగా పట్టాలి. మధ్యమధ్య భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించాలి. వారం వారం తూకం చూడాలి. ఆసుపత్రిలో ప్రసవమైన శిశువును చూడటానికి ఆశా కార్యకర్త తొలి 42 రోజులలో ఆరుసార్లు ఇంటికి రావాలన్నది నిబంధన. తక్కువ బరువుతో పుట్టినవారికి పిండిన పాలు పట్టే పాఠం ఆమె శిక్షణలో ఇప్పటికే ఉంది. ఆ పాఠానికి అంగిలి చీలిన బిడ్డను చేర్చడానికి కొత్త శాఖ గాని, కొత్త చట్టం గాని అక్కరలేదు. బిడ్డ పుట్టగానే వేలితో, టార్చితో అంగిలి పరీక్షించడం తప్పనిసరి చేయాలి. పెదవి బాగున్నప్పుడు అంగిలి చీలిక కంటపడకుండా పోతుంది.

ఖరగ్‌పూర్ వంటి చోట మరొక చిక్కుంది. రైల్వే ఉద్యోగి బిడ్డకు రైల్వే ఆసుపత్రి ఉంది. అదే ఇంటి నీడన పెరిగి కాంట్రాక్టు కూలీగా మిగిలిన తమ్ముడి బిడ్డ రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రికి పోవాలి. సలహా అందినా అది బెంగాలీలో అందుతుంది. ఇంట్లో బిడ్డను పెంచే నాయనమ్మకు తెలిసింది తెలుగు. బిడ్డకు పాలు పట్టే పద్ధతిని తల్లికి తన భాషలో చెప్పడం కూడా వైద్యంలో భాగమేనని రైల్వే యంత్రాంగం, రాష్ట్ర ప్రభుత్వం ఉభయులూ గుర్తించాలి.

సెలవు తీసుకునేటప్పుడు ఆ నాయనమ్మ గూటిలోంచి పాత వెండి ఉగ్గుగిన్నె ఒకటి తీసి చూపింది. తన పుట్టింటి నుంచి వచ్చినదట. ఇది వాడవచ్చునా అని నన్నడిగింది. అది నేను చెప్పవలసిన మాట కాదు. ఆ బిడ్డ పుట్టిన మూడవనాడే, గడప తొక్కిన ఆరోగ్య కార్యకర్త చెప్పి ఉండవలసిన మాట.